నౌపడ చిన్న ఇంజిన్

మైత్రీవనం అంటే మన మనుమలకు కంప్యూటర్ కోర్సుల బోర్డులే గుర్తుకొస్తాయి. ఆ బోర్డుల మధ్యన ఒక బొగ్గు ఇంజిన్ కథ వినడానికి ఇంతమంది వచ్చారు, సంతోషం.

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి లైను వేయించినవారు పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి గారు. ఖర్చు సుమారు ఏడు లక్షలు. 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. మొదట్లో నష్టమే. లాభం కనబడ్డాక 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అటు పోయింది, టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. రైలు మాత్రం ఎప్పటిలాగే రెండు వైపుల జనాన్నీ ఎక్కించుకుంది.

ఆ లైనులో పీఎల్ తరగతి ట్యాంకు ఇంజిన్లు ఉండేవి. ఆరు చోదక చక్రాలు, వెనక నాలుగు చిన్న చక్రాలు. వేరే టెండరు ఉండదు. నీళ్లు బాయిలరు పక్కన ట్యాంకుల్లో, బొగ్గు వెనక బంకరులో. ముందుకైనా వెనక్కైనా ఒకేలా నడుస్తుంది గనుక చివరి స్టేషనులో తిప్పే పని లేదు. చిక్కల్లా నీళ్లతోనే. ట్యాంకులు నిండుగా ఉంటే చక్రాలు పట్టాలను గట్టిగా పట్టుకుంటాయి, ఖాళీ అయ్యేకొద్దీ బరువు తగ్గి, వాన రోజుల్లో జారతాయి. అప్పుడు ఇసుక వదలాలి. నేను ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు మా డ్రైవరు గారు "కొద్దికొద్దిగా ఎయ్యి నాయినా" అనేవారు. చిన్న ఫైర్‌బాక్సులో బొగ్గు ఒక్కసారి కుమ్మరిస్తే నిప్పు చల్లబడి స్టీము పడిపోతుంది. గేజి గ్లాసు మీద మరో కన్ను. నీటిమట్టం ఫైర్‌బాక్సు కప్పు కంటే దిగితే సీసపు ప్లగ్గు కరిగి, ఆవిరి లోపలికి దూకి నిప్పును ఆర్పేస్తుంది. ఆ తర్వాత సంజాయిషీ కాగితాలు!

1990ల మొదట్లో డీజిల్ వచ్చింది. 2004 జూన్‌లో చిన్న లైను మూసేశారు. బ్రాడ్‌గేజి రైలు 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి చేరింది. పాత ఇంజిన్లలో కొన్నింటిని దిమ్మెల మీద నిలబెట్టారు. మంచి పనే. కానీ పైన రంగు వేస్తే సరిపోదు. పొగపెట్టె అడుగున మిగిలిన బూడిద వాన నీటితో కలిస్తే రేకును లోపల్నుంచి తినేస్తుంది. బూడిద పూర్తిగా తీసి, చిమ్నీకి మూత పెట్టాలి. కదిలే కడ్డీలకు రంగు కాదు, గ్రీజు పూయాలి. ఇది మన షెడ్డు ఖలాసీకి కూడా తెలిసిన సంగతే, కానీ ఆ షెడ్డులు ఇప్పుడు లేవు.

పలక మీద నంబరు, సంవత్సరం రాస్తారు. ఏ మలుపు దగ్గర ఎంత స్టీము ఉంచుకోవాలో అందులో ఉండదు. అది మన తలల్లో ఉంది, మన సంఖ్య ఏటా తగ్గుతోంది. కాబట్టి ఆ లైనులో పనిచేసినవారెవరైనా ఉంటే, పాత వర్కింగ్ టైమ్‌టేబుళ్లు, ఫోటోలు, డ్యూటీ డైరీలు సంఘం ఆఫీసుకు తీసుకురండి, కాపీ తీసుకుని తిరిగి ఇస్తాం. రాయలేనివారు మనుమడి సెల్‌ఫోనులో చెప్పినా చాలు. పాతపట్నం వైపు పనిచేసిన పెద్దలతో వచ్చే నెలే మొదలుపెడదాం.