రాత్రివేళ తీయవలసిన తలుపు

(వీపనగండ్లలో స్త్రీల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ వచ్చినప్పుడు, ఈ నూరేండ్లలో కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కించుకొనుట మన వాడుక. అది మంచి వాడుకయే. పెద్దలు పడిన ప్రయాసను పిల్లలు ఎరుగవలెను. అయితే ఈ దినమున మనము ఇంకను కట్టని దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. రాత్రివేళ ఇల్లు విడిచి వచ్చిన ఆడమనిషి తెల్లవారువరకు భయము లేక పండుకొనుటకు మన సంఘము చేతిలో ఒక్క గది లేదు. ఆ గది తెరువవలెనని అడుగుటకే మేము మీ ముందు నిలుచున్నాము.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్ని ఏండ్ల క్రిందట, చలికాలములో, ఒక రాత్రి పది దాటిన తరువాత మాలో ఒకరి ఇంటి తలుపు ఎవరో తట్టిరి. చూడగా ఒక చిన్నవయసు తల్లి. చంకలో బిడ్డ, చేతిలో ఒక సంచి, చెంప వాచి ఉన్నది. "అమ్మా, పొద్దుగాల్నే లేచి పోత. ఈ రాత్రికి ఇంత జాగ ఇయ్యుండ్రి" అని అడిగినది. మేము తలుపు సగము తీసి మాటలాడితిమి. అన్నము పెట్టితిమి, బిడ్డకు పాలు ఇచ్చితిమి, ఒక దుప్పటియు ఇచ్చితిమి. లోపలికి మాత్రము రమ్మనలేదు. ఆమె మగడు వచ్చి గొడవ చేయునేమో, ఊరివారు ఏమందురో, లేనిపోని కేసు మెడకు చుట్టుకొనునేమో అని భయపడితిమి. "అరుగుమీద పండుకో తల్లీ" అంటిమి. తెల్లవారి తలుపు తీసి చూచునప్పటికి దుప్పటి మడతపెట్టి ఉన్నది. ఆమె లేదు. ఎటు పోయినదో నేటివరకు మాకు తెలియదు. ఆ మడతపెట్టిన దుప్పటి నేటికిని మా కండ్ల ముందర ఉన్నది.

న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయమును మన కూడికలలో చదువము. చదువుటకు మనసు ఒప్పదు. గిబియాలో ఒక స్త్రీని రాత్రియంతయు బయటనే విడిచిపెట్టిరి. ఆమె వేకువను వచ్చి వాకిట పడినది. చేతులు గడపమీద ఉన్నవి. లోపలివారు తలుపు తీసినది తెల్లవారిన తరువాత. ఆ ఇంటిలో అన్నమునకు కొదువ లేదు, చోటునకు కొదువ లేదు. తలుపు తీయవలసిన వేళ దాటిపోయినది. మేము చెప్పదలచినదంతయు ఇందులోనే ఉన్నది. తెల్లవారి తీసిన తలుపు ఆశ్రయము కాదు.

"ఇల్లు లేనివారు పట్నములో ఉందురు గాని మన పల్లెలో ఎవరున్నారు?" అని కొందరు అడుగుదురు. 2011 జనాభా లెక్కల సందర్భమున ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివారిని లెక్కించిరి. దేశములో 17 లక్షల 70 వేల పైచిలుకు మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 లక్షా 45 వేల మంది. రోడ్ల ప్రక్కను, రైలు ప్లాట్‌ఫారములమీద, ఫ్లైఓవర్ల క్రింద పండుకొన్నవారి లెక్క అది. మా అరుగుమీద పండుకొని వెళ్లిన తల్లి అట్టి లెక్కలోనికి రాదు. ఆమెకు పేరునకు ఇల్లున్నది. రేషను కార్డులో పేరును ఉండవచ్చును. కాని ఆ రాత్రి ఆమెకు ఇల్లు లేదు. పల్లెలో ఆడవారి ఇల్లులేమి చాలమట్టుకు ఇట్లే ఉండును. ఒక రాత్రి ఉండును, తెల్లవారి కనబడదు.

మన సీమకు ఈ బాధ క్రొత్తది కాదు. శ్రీశైలం జలాశయము క్రింద 1981లో కృష్ణ ఒడ్డున వంద దాక గ్రామములను ఖాళీ చేయించిరి. కొల్లాపురం, ఆలంపురం తాలూకాలలో ఇండ్లు విడిచి మూటలతో బయలుదేరినవారిని చూచిన ముసలివారు నేటికిని ఉన్నారు. వలస సంగతి చెప్పనక్కరలేదు. 'పాలమూరు లేబరు' అని దేశమంతట పిలిపించుకొని మనవారు ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, బొంబాయి పూనాలలో మేడలు లేపిరి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఆలుమగలు కట్టుబడి పోవుదురు. ముసలితల్లి, పిల్లలు ఊరిలో మిగులుదురు. కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చిన తరువాత వలస తగ్గినది గాని ఆగిపోలేదు. జోగినుల సంగతియు మీరెరుగుదురు. 1988లో ఆ ఆచారమును నిషేధించుచు చట్టము వచ్చినది. అయితే అంతకుముందే విడువబడిన స్త్రీలు ముసలివారైరి. పండుగకు వారిని పిలిచిన ఊరు, వారికి జ్వరము వచ్చిన రాత్రి పిలుచునా?

కాబట్టి మన తలుపు తట్టగలవారు ఎవరో చూడుడి. త్రాగి కొట్టిన మగని ఇంటినుండి వచ్చిన భార్య. కోడలితో మాట పడలేక బయటికి వచ్చిన అత్త. అత్త వెళ్లగొట్టిన కోడలు. దూరప్రయాణమునుండి రాత్రి దిగి, ఊరికి బండి దొరకని కూలితల్లి. మతి చలించి ఊరూర తిరుగునామె. వీరందరికి కావలసినది సంవత్సరముల తరబడి నివాసము కాదు. ముందుగా ఒక్క రాత్రి.

మరి ప్రభుత్వము ఏమి చేసినది అని అడుగుట న్యాయమే. 2010 జనవరిలో, ఢిల్లీ చలిలో ఇల్లులేనివారు చనిపోవుచున్న సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. పట్నములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడుగునను నడుచు ఆశ్రయములు ఉండవలెనని ఆ తరువాత కోర్టు ఆదేశించినది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషనులో ఇందుకు ప్రత్యేక పథకము చేర్చిరి. ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలు తెరచి ఉండుట దాని నియమములు. హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకముగ ఇట్టి ఆశ్రయములు నడుచుచున్నవి. అయితే పథకము పేరులోనే 'పట్టణ' అని ఉండెను గదా! మన పల్లెకు అది రాలేదు.

ఇంకొకటి సఖి కేంద్రము. 2015 ఏప్రిలు 1నుండి దేశములో అమలులోనికి వచ్చిన ఈ పథకము క్రింద, హింసకు గురియైన స్త్రీకి వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, కొద్ది దినముల బస ఒకేచోట దొరుకును. 181 నంబరుకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. ఈ నంబరును మన స్త్రీలందరు నోటికి నేర్చుకొనవలెను. కాని కేంద్రము జిల్లాకు ఒకటి. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా అయినప్పుడు జిల్లా కచేరి మనకు దగ్గరయినది. రాత్రి పదిగంటలకు అదియును దూరమే. 2023 డిసెంబరు 9నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు ఖర్చు లేదు. పగలైతే చేతిలో పైసా లేని తల్లియు పుట్టింటికి పోగలదు. చివరి బస్సు పోయిన తరువాత మొదటి బస్సు వచ్చువరకు ఆమె ఎక్కడ కూర్చుండవలెను? మనము నింపవలసినది ఆ కొన్ని గంటలను మాత్రమే.

ఇంతటి పని మనవంటివారివలన అగునా అని సందేహింపవద్దు. ఇట్టి పనులు మొదలైనది పెద్ద కట్టడములతో కాదు. లండను వైట్‌చాపెల్‌లో సాల్వేషన్ ఆర్మీకి చెందిన ఎలిజబెత్ కాట్రిల్ అను సామాన్య స్త్రీ, దిక్కులేని ఆడపిల్లలను తన సొంత ఇంటికే తీసికొనిపోయెను. ఇల్లు చాలనందున 1884లో హాన్‌బరీ వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసికొనిరి. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనమును తెరచినది. 1896-97 కరవులో తానే వెళ్లి దిక్కులేని స్త్రీలను, పిల్లలను వందలకొలది వెంట తెచ్చి, కేడ్‌గాఁవ్‌లో చోటు చూపినది. మన తెలుగుదేశములో 1881 డిసెంబరులో వీరేశలింగముగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, వంటవారు, నీళ్లవారు ఆ ఇంటికి రావడము మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసెను. ఉపన్యాసము ఇచ్చినవారి పేరు ఊరికి తెలిసినది. ఆ కుండ మోసిన చేతులు లేకున్న ఆ ఇల్లు నిలిచెడిది కాదు.

ఇక మన గది సంగతి. షూనేములోని ఘనురాలు ప్రవక్తకొరకు మేడమీద చిన్న గది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపము ఉంచినట్లు రెండవ రాజుల గ్రంథములో చూచుచున్నాము. మనకును అంతకంటె ఎక్కువ అక్కరలేదు. ఇరువది అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న గది మూడు వందల చదరపు అడుగులగును. పట్టణ పథకపు కొలత ప్రకారము ఆరుగురికి సరిపోవును. లోపలి గడియ గట్టిగా ఉండవలెను. మరుగుదొడ్డికి పోవుటకు వాకిలి దాటి చీకటిలో నడువవలసిన పని ఉండకూడదు. చాపలు, దుప్పట్లు, దోమతెరలు, ఉతికిన చీరలు రెండు మూడు, బహిష్టు గుడ్డలు, బిడ్డకు పాలపొడి, వేడినీళ్లు కాచు పొయ్యి, ఒక ఫోను ఉండవలెను. బయట ఒక దీపము రాత్రియంతయు వెలుగవలెను.

దీపముకంటె ముఖ్యము మనిషి. ప్రతి రాత్రి ఇద్దరు స్త్రీలు అక్కడ పండుకొనవలెను. ముప్పది మంది ఒప్పుకొన్నయెడల పదునైదు జతలగును. ఒక్కొక్కరికి నెలకు రెండు రాత్రులు వచ్చును. నెలకు రెండు రాత్రులు ఇవ్వలేమా అక్కలారా?

వచ్చినవారిని ఏమి అడుగవలెను? పేరు, ఊరు, ఒంటిమీద దెబ్బలున్నవా, ఎవరికైన కబురు చేయవలెనా, ఇంతే. కులము అడుగరాదు, మతము అడుగరాదు. ఆ రాత్రి బోధయు చేయరాదు. తలదాచుకొన వచ్చినవారికి బోధించుట, ఆకలిగొన్నవారితో బేరమాడినట్లగును. "తప్పు ఎవరిది?" అని విచారణ చేయరాదు. "సర్దుకొని పో తల్లీ" అని మరునాడే మగనియొద్దకు పంపుట మన ఊళ్ల అలవాటు. ఆ గదిలో అది పనికిరాదు. తల్లి వెంట మగపిల్లవాడు ఉన్నయెడల వానిని విడదీసి బయట పండబెట్టరాదు. బిడ్డను బయట ఉంచుమన్నచో ఏ తల్లియు లోపలికి రాదు.

పెద్దల భయము కేసులను గురించి. మాకును అదే భయము ఉండెను గనుక ఆ సంగతి నెమ్మదిగా చెప్పుదుము. గది తెరుచుటకు ముందే పోలీసు స్టేషనులోను పంచాయతిలోను వ్రాతమూలముగ తెలుపుదము. రిజిష్టరు ఒకటి ఉంచి వచ్చిన వేళ, వెళ్లిన వేళ వ్రాయుదము. ఆ పుస్తకమును చూడవచ్చిన ప్రతివారికి చూపము. తల్లిదండ్రులు లేక ఒంటరిగా బిడ్డ వచ్చినయెడల 24 గంటలలోపల అధికారులకు తెలుపవలెనని 2015 బాలల న్యాయ చట్టము చెప్పుచున్నది. 1098కు ఫోను చేయుదము. మతి చలించి తిరుగువారిని కాపాడు బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య చట్టము పోలీసులపై ఉంచినది. వారి సహాయము అడుగుదము. మగడు వాకిటికి వచ్చి అరచినయెడల మనము గడియ తీయము; 100కు గాని 112కు గాని ఫోను చేయుదము. మొగవారైన సంఘ పెద్దలు ఆ రాత్రి మనకు చేయవలసిన సహాయమేమనగా, బయట నిలిచి ఉండుట.

ఇంకొక సంగతి. గదిలో ఒక రాత్రి పండుకొన్నంతమాత్రమున ఆమె తన ఇల్లు విడుచుకొన్నట్లు కాదు. 2005 గృహహింస చట్టము ప్రకారము, తనకు ఆస్తి హక్కు ఉన్నను లేకున్నను, కాపురము చేసిన ఇంటిలో ఉండు హక్కు ఆమెకు కలదు. ఇల్లు అత్తమామల పేరనున్నను ఆ హక్కు వర్తింపవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. ఈ సంగతి ఆమెకు తెలియదు. తెల్లవారి టీ ఇచ్చి, ఆమె మనసు నిలిచిన తరువాత చెప్పవలెను. మొదటి బస్సులో సఖి కేంద్రమునకు పోవుదునన్నచో మనలో ఒకరు తోడు పోవలెను. పుట్టింటికి పోవుదునన్నను సరే. ఎటు పోవలెనో నిర్ణయించుకొనునది ఆమెయే.

ఒక్కొక్క రాత్రి ఎవరును రాకపోవచ్చును. నెల దినములు ఎవరును రాకపోవచ్చును. అప్పుడు "ఖాళీ గదికి దీపమెందుకు, కరెంటు బిల్లెందుకు?" అను మాట వచ్చును. బావికి గోడ కట్టుట ఎవరైన పడుదురని కాదు గదా! ఎవరును రాని రాత్రి మనము చల్లగా నిద్రపోయి దేవునికి స్తోత్రము చెప్పుదము. వచ్చిన రాత్రికొరకే ఆ దీపము.

అక్కలారా, అన్నలారా, పండుగ గుర్తుగా శిలాఫలకము ఒకటి వేయింతురని వినుచున్నాము. వేయవలసినదే. దానితోపాటు ఈ గదికి ఒక తాళపుచెవిని కూడ సంఘము చేతిలో పెట్టుడని మేము వేడుకొనుచున్నాము. మొదటి నెల మొదటి రెండు రాత్రులు మేమే పండుకొందుము. ఆ మడతపెట్టిన దుప్పటిని ఉతికి మొదటి చాపమీద వేయుదుము. వచ్చునది ఆ తల్లియే కాకపోవచ్చును. ఎవరు వచ్చినను ఈసారి అరుగు చూపము. లోపలికి రమ్మందుము.