పసివాళ్ళ న్యుమోనియా – తొమ్మిదో నెల సూది



చలికాలం వచ్చిందంటే పసిపిల్లలున్న ఇళ్ళలో తల్లులకు రాత్రిళ్ళు నిద్ర కరువు. పిల్లవాడికి కాస్త ముక్కు కారగానే "పడిశమేలేవే, మూడు రోజులకి అదే పోతుంది" అంటుంది అమ్మమ్మ. చాలాసార్లు ఆవిడ మాటే నిజమవుతుంది కూడా. కాని ఆ పడిశం వెనకాలే వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఒకటుంది. అదే న్యుమోనియా. పల్లెల్లో "పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు" అంటూంటారే, అది దీని గుర్తే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు ఏడు లక్షల నలభై వేలమంది ఈ జబ్బుతో చనిపోయారు. ఆ వయసులో పోయిన ప్రతి ఏడుగురిలోనూ ఒకరన్నమాట.

ఈ జబ్బులో చాలా భాగాన్ని ఆపగల టీకా మన రాష్ట్రంలో 2021 నుంచీ ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది. ఐతే ఆ టీకా ఎలా తయారైంది, అన్ని న్యుమోనియాలనూ ఎందుకు ఆపలేదు, మూడుసార్లు ఎందుకు వేయించాలి అన్నవి తల్లులకు ఎవరూ విడమరిచి చెప్పరు. కారణం తెలియని పనిని మనం సగంలో వదిలేస్తాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ఊపిరితిత్తుల్లో గాలితో నిండే సన్నని బుడగల్లాంటి అరలు కోట్లకొద్దీ ఉంటాయి. న్యుమోనియాలో ఆ అరలు వాచి, చీముతోనూ నీరుతోనూ నిండిపోతాయి. గాలికి చోటు తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి బిడ్డ గబగబా ఊపిరి తీస్తాడు. దీనికి కారణం కొన్నిసార్లు వైరస్‌లు, కొన్నిసార్లు బాక్టీరియాలు. బాక్టీరియాల్లో పసివాళ్ళకు ముఖ్య శత్రువు న్యూమోకాకస్ అనే క్రిమి. దాని తరువాతది "హిబ్" అనే మరొకటి. ఈ హిబ్‌కు విరుగుడు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే ఐదు జబ్బుల టీకాలోనే ఉంది. కనుక ఇవాళ న్యూమోకాకస్ సంగతి చూద్దాం.

న్యూమోకాకస్ అనేది పేరుకు ఒక్కటే గాని, అందులో వందకు పైగా రకాలున్నాయి. ఒక్కొక్క రకం ఒక్కొక్క చొక్కా తొడుక్కుంటుంది. ఆ చొక్కా చక్కెర జాతి పదార్థంతో అయినది. మన శరీరం శత్రువును పోల్చుకునేది ఆ చొక్కాను చూసే. అందుచేత ఒక రకం వచ్చి తగ్గిన బిడ్డకు ఇంకొక రకం రాదని హామీ లేదు. పైగా రెండేళ్ళలోపు పిల్లల శరీరానికి ఆ చక్కెర చొక్కాను ఒంటరిగా చూస్తే అది శత్రువని తట్టదు. కాబట్టి శాస్త్రజ్ఞులు ఆ చొక్కా ముక్కను ఒక మాంసకృత్తుకు అతికించి చూపిస్తారు. అప్పుడు పసివాడి ఒళ్ళు కూడా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. న్యూమోకాకల్ కాంజుగేట్ టీకా అంటే ఇదే. కార్డులో "పి.సి.వి." అని రాసేది దీన్నే.

వంద రకాల చొక్కాలూ ఒకే సూదిలో కూర్చడం ఇప్పటికి సాధ్యం కాలేదు. కొన్నిటినే ఎంచుకోవాలి. ఏవి ఎంచుకోవాలి? టీకా పథకంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1911లో దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కూలీలు న్యుమోనియాతో కుప్పలుగా చనిపోతూంటే, ఆల్మ్‌రోత్ రైట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక టీకా వేసి చూశాడు. ఆశించిన ఫలితం రాలేదు. ఆ తరువాత స్పెన్సర్ లిస్టర్ అనే వైద్యుడు ఆ గనుల్లోని క్రిమిని పరీక్షించి, అది ఒకటి కాదు, అనేక రకాలని తేల్చాడు. కొలతలు తీసుకోకుండా కుట్టిన బట్ట ఒంటికి పట్టదు కదా!

పసిపిల్లలకు పనికొచ్చే మొదటి టీకా 2000 సంవత్సరంలో అమెరికాలో వచ్చింది. అందులో ఏడు రకాలున్నాయి. ఆ దేశపు పిల్లల్ని ఎక్కువగా పట్టే రకాలవి. మన దేశం మాటో? 1990ల్లో మన దేశంలో ఆరు ఆసుపత్రుల్లో, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యుల ఆధ్వర్యాన ఒక పరిశీలన జరిగింది. జబ్బు ముదిరిన రోగుల నుంచి క్రిమిని తీసి రకాలు లెక్కగట్టారు. ఇక్కడ ఒకటవ రకం, ఐదవ రకం బాగా కనిపించాయి. ఆ రెండూ ఆ ఏడింటి టీకాలో లేనేలేవు! పరాయివాళ్ళ కొలతతో కుట్టిన చొక్కా మన బిడ్డకు సరిపోదని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత పది రకాల టీకా, 2010లో పదమూడు రకాల టీకా వచ్చాయి. వాటిలో ఒకటి, ఐదు కూడా చేరాయి. మన దేశంలో 2017లో హిమాచల్ ప్రదేశ్‌లోనూ, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని జిల్లాల్లోనూ ప్రభుత్వ పథకం కింద వేయడం మొదలుపెట్టారు. తరువాత మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లకు పాకింది. ఐతే ధర ఎక్కువ కావడంతో దేశమంతటికీ అందలేదు. 2020లో పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వారి పది రకాల టీకాకు మన దేశంలో అనుమతి వచ్చింది. ఆసియా, ఆఫ్రికా పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకాలను చూసి, తక్కువ ధరకు తయారుచేసిన టీకా అది. 2021 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఈ టీకాను దేశమంతటా వేయిస్తామనీ, దానివల్ల ఏటా యాభై వేలకు పైగా పిల్లల మరణాలు తప్పుతాయనీ ప్రకటించారు. ఆ ఏడే అది అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. 2022 డిసెంబరులో మన హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ పద్నాలుగు రకాల టీకాకు అనుమతి పొందింది.

"అంతేనా, ఇక నిశ్చింతేనా?" అంటారేమో. అంతే కాదు. టీకాలో ఉన్న రకాలు తగ్గేసరికి, లేని రకాలు ఆ ఖాళీలోకి వస్తాయి. అమెరికాలో మొదటి టీకా తరువాత 19ఏ అనే రకం అలాగే పెచ్చరిల్లింది. పదమూడింటిలో దాన్ని చేర్చాల్సి వచ్చింది. కాబట్టి ఏ రకం తగ్గిందో, ఏ రకం పెరిగిందో వైద్యులు చూస్తూనే ఉండాలి. ఆ చూపుకి ఆధారం మన పిల్లల రక్తపరీక్షలే. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు మందు మొదలుపెట్టకముందు కాస్త రక్తం తీసి క్రిమిని పెంచి చూస్తారు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ రెండు చెంచాలు పోసి తీసుకువెడితే, జబ్బు తగ్గదు సరికదా, ఆ పరీక్షలో క్రిమి దొరకదు కూడా. పోయినసారి పెద్దపిల్లకు రాసిన సీసా చిన్నవాడికి పోయకండి.

ఇక సూదుల సంగతి. ప్రభుత్వ పథకంలో ఈ టీకా ఆరు వారాలకు ఒకటి, పద్నాలుగు వారాలకు రెండవది, తొమ్మిది నెలలు నిండాక మూడవది. ప్రైవేటు వైద్యులు సాధారణంగా ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసి, ఏడాది దాటాక మరొకటి వేస్తారు. రెండూ సరైన పద్ధతులే. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా పూర్తిచెయ్యడం ముఖ్యం. బయట ఒక్కొక్క సూదికీ వేలల్లో అవుతుంది. ప్రభుత్వ కేంద్రంలో పైసా అక్కర్లేదు. ఉచితం కనుక నాసి అనుకోకండి.

ఆ మూడవ సూది దగ్గరే మనం తప్పిపోయే వీలు ఎక్కువ. ఎందుకో చెబుతాను.

వికారాబాద్ జిల్లాలో బంట్వారం అని ఒక మండలం ఉంది. తాండూరు అనగానే మీకు నాపబండలూ, కందిపప్పూ గుర్తుకొస్తాయి కదా, ఆ ప్రాంతమే. ఆ బంట్వారం అమ్మాయిని హైదరాబాదులో ఇచ్చారనుకుందాం. తొలి కాన్పు మన ఆచారం ప్రకారం పుట్టింట్లోనే. ఆరు వారాలకు ఊళ్ళో ఆశా కార్యకర్త వచ్చి పిలుస్తుంది, నర్సమ్మ సూది వేస్తుంది. పద్నాలుగు వారాలకూ అంతే. ఐదో నెలలో పిల్లను సారెతో అత్తవారింటికి పంపుతారు. కార్డు? పెట్టె అడుగున ఉంటుంది, లేదా బంట్వారంలో గూట్లోనే ఉండిపోతుంది. ఇక్కడ పట్నంలో ఏ నర్సమ్మకూ ఈ బిడ్డ సంగతి తెలియదు. అక్కడి నర్సమ్మ "పిల్ల వెళ్ళిపోయింది" అనుకుంటుంది. తొమ్మిదో నెల అలా దాటిపోతుంది. పొట్టకూటికి పట్నం వచ్చి, కట్టడాల దగ్గర గుడిసెలు వేసుకునే కుటుంబాల్లోనూ ఇంతే.

మొదటి రెండూ వేయించాం కదా, మూడోది లేకపోతే ఏమిటని అనుకోవద్దు. మొదటి రెండు సూదులూ పాఠం చెబుతాయి. మూడోది ఆ పాఠాన్ని వల్లె వేయిస్తుంది. పాకి, నడిచి, నలుగురు పిల్లల్లో కలిసే రెండో ఏట ఆ రక్షణ నిలబడాలంటే అది కావాలి. ఇంకొక మేలూ ఉంది. ఈ క్రిమి చాలామంది పిల్లల ముక్కులోనూ గొంతులోనూ ఏ జబ్బూ చెయ్యకుండా కాపురముంటుంది. టీకా పూర్తయిన పిల్లల్లో టీకా రకాల కాపురం తగ్గుతుంది. అంటే వాడి పక్కన పడుకునే చంటిదానికీ, వాణ్ణి ఎత్తుకుని ముద్దాడే తాతయ్యకూ కూడా కొంత రక్షణే.

తేదీ దాటిపోయిందని సిగ్గుపడి మానుకోకండి. మళ్ళీ మొదటినుంచి వెయ్యనక్కర్లేదు, ఆగిన చోటినుంచి వేస్తారు. కార్డు ఏ ఊళ్ళో ఇచ్చినదైనా, ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా చెల్లుతుంది. ఒకేరోజు రెండు మూడు సూదులేమిటని భయమూ వద్దు. శరీరం వాటిని భరించగలదు. ఒక పూట జ్వరం, సూది పడిన చోట కాస్త వాపు మామూలే.

సరే, సూదులన్నీ పడ్డాయి. ఐనా టీకాలో లేని రకాలున్నాయి, వైరస్‌లున్నాయి. కనుక తల్లి కన్ను వేసి ఉంచాల్సిందే. మన రాష్ట్రం సరిహద్దులో, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల చివర్లో ఒక గొప్ప పని చేశారు. ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం నేర్పి, మందు వాళ్ళ చేతికే ఇచ్చారు. లెక్క రానివాళ్ళ కోసం పూసలతో ఒక పరికరమే చేయించారు. ఆ గ్రామాల్లో న్యుమోనియా మరణాలు బాగా తగ్గాయి. వాళ్ళు చేసిన పని మనం ఇంట్లో గోడ గడియారం చూసి చెయ్యవచ్చు.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, నిద్రలో ఐతే మరీ మంచిది, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 గాని ఆ పైన గాని, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40 గాని ఆ పైన గాని వస్తే, అది వట్టి పడిశం కాదు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. రెండు నెలల్లోపు పసిగుడ్డు ఐతే ఏ చిన్న అనుమానానికైనా ఆసుపత్రే. డాక్టరు మందు రాస్తే చెప్పినన్ని రోజులూ పోయండి. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో ఆపవద్దు. పొట్టమీద వాతలు పెట్టించడం, పసరు పోయించడం మాత్రం పొరపాటున కూడా చెయ్యకండి.

పొగ కూడా శత్రువే. బంట్వారం వైపు కందిచేను కోశాక ఆ కందికట్టే పొయ్యిలోకి వస్తుంది. చంటిబిడ్డతో పొయ్యి ముందు కూర్చోవద్దని మనం వాళ్ళకు చెబుతాం. మరి గ్యాసు పొయ్యి ఉన్న మన ఇళ్ళలో? స్నానం చేయించి, తలుపులు బిగించి, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తాం. తల తుడిచి ఆరబెడితే చాలు, పొగ అక్కర్లేదు. ఇంట్లో మగవాళ్ళ సిగరెట్టు సంగతి మీరే గట్టిగా చెప్పాలి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మరేమీ పట్టకపోవడం ఈ జబ్బుకు కూడా మంచి అడ్డుకట్ట.

ఇవాళ పని తెమిలాక ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో ఏడాదిన్నర లోపు బిడ్డ ఉంటే ఆ కార్డు తీసి, పి.సి.వి. వరసలో మూడో గడి నిండిందో లేదో చూడండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి చంటిబిడ్డ ఉంటే ఆమె కార్డు కూడా తెమ్మనండి. ఆమెకు చదువు రాకపోతే మీరు చదివిపెట్టండి. సూదికి వెళ్ళే పూట జీతం కొయ్యకుండా సెలవివ్వండి. కూతురిని అత్తవారింటికి పంపే తల్లులు సారెలో పసుపు కుంకుమల పక్కన, పైనే కనిపించేలా, ఆ కార్డు పెట్టండి.

సెలవు.