ఉత్తుత్తి గుట్ట, అసలు గుట్ట

జనగామ తండాల్లో, మహబూబాబాద్ గూడేల్లో, భూపాలపల్లి గని బస్తీల్లో ఈ మాటలు చదువుతున్న అక్కలకు, అన్నలకు, చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు.

ఇయ్యాల ఒక ఉత్తుత్తి గుట్ట గురించి చెప్త. అమెరికాలో డిస్నీ పార్కుల్లో 'బిగ్ థండర్ మౌంటెన్' అనే రోలర్ కోస్టర్ ఉంది. 1979లో కాలిఫోర్నియాలో, 1980లో ఫ్లోరిడాలో మొదలైంది. తర్వాత టోక్యోలో, ప్యారిస్‌లో కూడా కట్టిన్రు. ఇనుము, సిమెంటుతో ఎర్ర రాతి గుట్ట లెక్క కట్టి, దాని చుట్టూ గని రైలు తిప్పుతరు. టికెట్ కొన్నోళ్ళు కేకలు పెట్టుకుంట తిరిగొస్తరు.

ఆ రైలుకు ఒక కథ అల్లిన్రు. గుట్ట అక్కడి మూలవాసులకు పవిత్రం. బంగారం కోసం బయటోళ్ళు వచ్చి తవ్విన్రు. గుట్టకు కోపమొచ్చి, డ్రైవర్ లేకుండానే రైళ్ళు ఉరుకుడు మొదలుపెట్టినయ్.

కథలో గుట్ట గెలుస్తది. మరి నిజంలో? బ్లాక్ హిల్స్ అనే కొండలు లకోటా ప్రజలకు పవిత్రం. 1868 ఒప్పందంలో అవి మీవేనని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనబడ్డది. 1877లో చట్టం చేసి గుంజుకున్నరు. 1980లో, అంటే ఫ్లోరిడాలో ఉత్తుత్తి గుట్ట తెరిచిన ఏడాదే, సుప్రీంకోర్టు పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. వాళ్ళు ఆ పైసలు ముట్టలేదు. మా కొండలు మాకియ్యున్రి అన్నరు.

ఇగ మన దగ్గరికి రండి. మేడారం జాతరకు సమ్మక్క తల్లి చిలకలగుట్ట మీది నుంచి కుంకుమ భరిణె రూపంలో దిగొస్తది. మనకు గుట్ట అంటే గుడి, మందు, ఇప్పపువ్వు, తునికాకు. భూపాలపల్లిలో మనిషి కట్టిన గుట్టలు కూడా ఉన్నయ్. ఓపెన్ కాస్టు గనుల్లోంచి తీసి పోసిన మట్టి గుట్టలు. వాటికి టికెట్ లేదు, దుమ్ము మాత్రం అందరికీ ఉచితం.

బయ్యారం సంగతి మీకు తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో అక్కడి ఇనుప ఖనిజాన్ని ప్రైవేటుకు లీజుకిచ్చిన్రు, ఆందోళనల తర్వాత రద్దు చేసిన్రు. ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలించాలని 2014 విభజన చట్టంలో రాసిన్రు. కొలువులు కావాలె, నిజమే. కానీ గుట్ట ఎవరిదో తేలకముందే కొలువుల ముచ్చట తెస్తే, ముందు పోయేది గుట్టనే.

మన చేతిలో ఏముంది? 1997 సమత తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వొద్దని చెప్పింది. జనగామ తండావాళ్ళు "మాది షెడ్యూల్డ్ ఏరియా కాదు కదా" అనొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అడవి భూమి ఉన్నచోటల్లా అది పనిచేస్తది. ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆ చట్టం పట్టుకునే గ్రామసభలను అడగమన్నది. పన్నెండు గ్రామసభలు పెట్టిన్రు. పన్నెండూ వద్దన్నయ్. బాక్సైటు గుట్టలోనే ఉంది, నియమరాజా గుట్ట మీదనే ఉన్నడు.

అందుకే ఒక్క మాట యాది పెట్టుకోండి. అటవీ హక్కుల గ్రామసభకు ఊరి సభ్యుల్లో సగం మంది రావాలె, వచ్చినోళ్ళలో మూడో వంతు ఆడోళ్ళు ఉండాలె. లేకుంటే ఆ తీర్మానం చెల్లదు. కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర వెయ్యకండి. తీర్మానం నకలు ఊళ్ళోనే ఉంచుకోండి.

పిల్లలు హైదరాబాద్ పోయి రోలర్ కోస్టర్ ఎక్కుతమంటే ఎక్కనియ్యండి. ఆ గుట్టను సిమెంటుతో మళ్ళా కట్టొచ్చు. చిలకలగుట్టను ఏ కంపెనీ కట్టలేదు.

మా ఊళ్ళో మా రాజ్యం! జల్, జంగల్, జమీన్ మనదే!