ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రము - విశ్వవిద్యాలయపు తోడ్పాటు

అనంతగిరి యనగానే పలువురకు వికారాబాదు కొండలు స్ఫురించును. నేను చెప్పబోవునది సూర్యాపేట జిల్లాలో కోదాడ చెంతనున్న అనంతగిరిని గూర్చి. ఇచటి పిల్లలకు వరిపొలములు, సాగరు ఎడమ కాలువ, మిర్యాలగూడ బియ్యపు మిల్లులు చిరపరిచితములు.

మిల్లులో ధాన్యమును నానబెట్టి, ఆవిరి పట్టి, ఉప్పుడు బియ్యము చేయుదురు. 100 డిగ్రీల నీటికంటె 100 డిగ్రీల ఆవిరి ఏల అంత తీవ్రముగా కాల్చును? ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునపుడు సుమారు 540 కెలోరీల వేడిని విడుచును. ఆ నీరే పిమ్మట 30 డిగ్రీలకు చల్లారునపుడు విడుచునది 70 కెలోరీలు మాత్రమే. మొదటి దానిని గుప్తోష్ణమందురు. విద్యార్థి ఈ సంఖ్యను కంఠస్థము చేయును. కొలిచి చూచిన వారెందరు?

కొలుచుటకు పెద్ద సామగ్రి యక్కరలేదు. ఒక పాత్ర, థర్మామీటరు, త్రాసు, ఆవిరిగొట్టము చాలును. అయినను ఉపాధ్యాయుడు వెనుదీయును. ఏలన, లెక్క 540 రాదు. ఏ 480యో వచ్చును. పిల్లలు నవ్వుదురేమో యని సంకోచము. దీనిని సోమరితనమని నిందించుట అన్యాయము. నిజమునకు పాఠము మొదలగునది ఇచటనే. ఆవిరితోపాటు నీటి తుంపరలును పాత్రలో పడినచో, అవి గుప్తోష్ణమును వెంటతేవు. తూకమును మాత్రము పెంచును. కావున సంఖ్య తగ్గును. ఈ చిక్కును విప్పుటకు ఉపాధ్యాయునికి తోడొకరుండవలెను. 2007లో నల్లగొండలో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము ఒక్క దినములో పోయి రాదగిన దూరముననే యున్నది.

ఒకనాడు వచ్చి, పూలమాల వేయించుకొని, ఉపన్యసించి పోవు ఆచార్యుని వలన ప్రయోజనము స్వల్పము. మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 పాఠశాలలలో ప్రారంభమైన విజ్ఞానబోధన కార్యక్రమము వేరొక దారి పట్టినది. కిశోర భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సంస్థలు దానిని ఆరంభింపగా, పిమ్మట ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు చేరిరి. వారు ఉపాధ్యాయులతో కూడి ప్రయోగములు చేసిరి. పాఠశాలలకు పోయి చూచిరి. ఉపాధ్యాయులు నెలనెలా సమావేశమై తమ చిక్కులు చెప్పుకొనెడివారు. పరీక్షలో సహితము పుస్తకము చూచుకొనవచ్చును! 1978లో అది జిల్లా యంతట వ్యాపించినది; 2002లో ప్రభుత్వము నిలిపివేసినది. ఆరు మొదలు ఎనిమిదివరకు గల తరగతుల కుద్దేశింపబడిన యా పద్ధతి పదవ తరగతికి యథాతథముగా అతుకదు. నెలనెలా కలిసికొనుట మాత్రము మనము గ్రహింపదగినది.

కోదాడలోనో మిర్యాలగూడలోనో నెలకొక శనివారము పది పన్నెండుగురు ఉపాధ్యాయులు ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకునితో కూర్చుండి, తమకు వచ్చిన తప్పు సంఖ్యలనే బల్లమీద పెట్టవచ్చును. అధ్యాపకునికిని లాభము లేకపోలేదు. రేపు తన తరగతికి రానున్న విద్యార్థి ఎచట తడబడుచున్నాడో ముందే తెలియును. అయితే ఆ దినము ఉపాధ్యాయునికి పనిదినముగా లెక్కింపబడవలెను. దారిఖర్చు ఎవరిత్తురన్నది మొదటి సమావేశమునకు ముందే తేలవలెను.