కడ్డీ కొనకు వాలు

కొయ్యసీలను బెజ్జములో దిగగొట్టుటకు ముందు వడ్రంగి దాని కొన అంచును ఉలితో కొంచెము చెక్కివేయును. అట్లు చేయనిచో సీల బెజ్జపు అంచునకు తగిలి చితికిపోవును. యంత్రశాలలో ఇనుప కడ్డీలకును, ఇరుసులకును చేయు పని యిట్టిదే. దీనినే పనివారు చాంఫరు అందురు.

రంపముతో కోసిన కడ్డీని మనము పరీక్షించినచో, అంచు చుట్టును వాడియైన ఇనుప పొలుసులు కనిపించును. అవి చేతిని కోయును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి గలదు. ఇరుసునకు రబ్బరు సీలును తొడుగునప్పుడు ఆ అంచు తగిలి దాని పెదవి తెగినచో చమురు కారిపోవును. చమురు లేని బేరింగు వేడెక్కి అరిగిపోవును. అందుచేత సీలు తొడుగు ఇరుసు కొనకు 15 నుండి 30 డిగ్రీల వాలును, సాధారణమైన కడ్డీలకు 45 డిగ్రీల వాలును పెట్టుదురు.

ఇందుకు పనిముట్లు మూడు విధములు. ఒకటి రెండు కడ్డీలకు ఆకురాయి చాలును. కాని వాలు చుట్టును సమముగా వచ్చుట చేతివాటముపై ఆధారపడును. కొలత తప్పరాని ఇరుసునకు లేతు యంత్రమే శరణ్యము. మూడవది గరాటు వంటి పనిముట్టు. దాని లోపలి గోడకు కత్తులుండును. డ్రిల్లు యంత్రమునకు బిగించి, కదలకుండ పట్టిన కడ్డీ కొనపై అదిమినచో, పెన్సిలు చెక్కు మరవలె అంచును చుట్టును గీకును. కడ్డీలు పెక్కులున్నపుడు ఇది మిక్కిలి అక్కరకు వచ్చును. అయితే వేగము హెచ్చినను, కడ్డీ కదలినను కత్తి అదరి అంచున అలలు పడును.

ఎంత తీయవలెను? 10 మిల్లీమీటర్ల కడ్డీపై 1.5 మిల్లీమీటర్ల ఎడముతో మరలు కోయదలచితిమనుకొందము. మరల అడుగు వ్యాసము సుమారు 8 మిల్లీమీటర్లు. 45 డిగ్రీల వాలుతో 1 మిల్లీమీటరు తీసినచో, రెండు ప్రక్కలను కలిసి వ్యాసము 2 మిల్లీమీటర్లు తగ్గి, కొన సరిగా 8 అగును. అప్పుడు మరలు కోయు డై ప్రక్కకు ఒరగక నిటారుగా కూర్చుండును.

ఈ పనిలో కంటికి అద్దములు తప్పనిసరి. తిరుగుచున్న కడ్డీ వద్ద చేతి తొడుగులు కూడదు. అవి చుట్టుకొని చేతినే లాగివేయును. పొలుసులను వ్రేలితో గాక, యంత్రమును ఆపిన పిమ్మట కుంచెతో తుడువవలెను.

పని ముగిసినదా లేదా యని తెలిసికొనుటకు మనకొక సులభమైన పరీక్ష గలదు. మరలు కోసిన కడ్డీపై నట్టును రెండు వ్రేళ్లతో త్రిప్పగనే అది తడబడక ఎక్కినచో, కొన చక్కగా కుదిరినట్లే.