చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

(యువతీయువకుల ఉద్యోగ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు మన గురించి మనం ఎలా చెప్పుకోవాలో మాట్లాడమన్నారు. నేను కంపెనీల్లో పనిచేసినదాన్ని కాదు. దాదాపు ముప్పై ఏళ్లుగా లెక్కల టీచర్‌ని. అయితే నా దగ్గర చదువుకున్న పిల్లలు డిగ్రీ అయ్యాక బయోడేటా పట్టుకొని ఇంటికి వస్తుంటారు, "మేడం, ఒక్కసారి చూడండి" అని. ఆ కాగితాలు చూసి చూసి తెలిసిందే చెబుతాను.

అన్నీ ఒకేలా ఉంటాయి. నెట్ సెంటర్‌లో ఒక నమూనా ఉంటుంది, పేరు మార్చి ప్రింటు తీసిస్తారు. కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, హాబీ క్రికెట్. ఒకమ్మాయి కాగితంలోనూ క్రికెట్టే ఉంది. "ఎప్పుడైనా బ్యాటు పట్టుకున్నావా తల్లీ?" అంటే నవ్వేసింది.

రెండేళ్ల కిందట అయిజ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బీఎస్సీ చదివాడు. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంట్ పనికి వెళితే అనుభవం లేదని పంపేశారట. గద్వాల ప్రాంతానికి సీడ్ పత్తిలో ఎంత పేరుందో మీకు నేను చెప్పనక్కరలేదు. "సెలవుల్లో ఏం చేసేవాడివి?" అని అడిగాను. "అమ్మతో క్రాసింగ్‌కు పోయేవాణ్ణి మేడం." ఎన్నాళ్లు? డిగ్రీ చదివిన మూడేళ్లూ. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని మగ భాగం తీసేయడం, గుర్తు పెట్టడం, మర్నాడు పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దడం, వేరే రకం కలవకుండా చూసుకోవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. చివరి ఏడాది పదిమంది కూలీల హాజరు కూడా తనే రాశాడట. మరి ఇంటర్వ్యూలో ఇదంతా చెప్పావా అంటే తల దించుకున్నాడు. "అది కూలి పని కదా మేడం."

ఆ కంపెనీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను చేలోకి పంపేదే ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి! దాన్ని దాచిపెట్టి, క్రికెట్ ఆడతానని చెప్పి వచ్చాడు.

ఇద్దరం కూర్చొని కాగితం మళ్లీ రాశాం. మూడు సీజన్లు, ఏ ఊళ్లో, ఎంత చేను, ఏమేం చేశాడు, ఎంతమంది హాజరు రాశాడు. ఇంకో కంపెనీకి వెళితే ఆ నాలుగు లైన్ల మీదే అరగంట ప్రశ్నలు అడిగి తీసుకున్నారు. జీతం పెద్దదేం కాదు. కానీ తల ఎత్తుకొని చెప్పుకొని తెచ్చుకున్న ఉద్యోగం.

ఇక్కడ కూర్చున్న పిల్లల్లో మెకానిక్ షెడ్డులో నాన్నకు సాయం చేసినవాళ్లున్నారు, ఉర్సుల్లో గాజుల బండి పెట్టినవాళ్లున్నారు, ఇంట్లో మిషన్ కుట్టే ఆడపిల్లలున్నారు. "బాగా కష్టపడతాను" అని అందరూ అంటారు. "రంజాన్ నెలలో అరవై జాకెట్లు కుట్టి, చెప్పిన రోజుకు ఇచ్చాను" అని ఎంతమంది అనగలరు? లెక్కల టీచర్‌ను కాబట్టి అంకెలంటే నాకు ఇష్టం అనుకోకండి. అంకె చెబితే ఎదుటివాడికి పని కళ్లకు కడుతుంది.

అలాగని లేనిది రాయకండి. టాలీ వచ్చని రాసిన ఒకబ్బాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక్క ఓచరు ఎంట్రీ చేయమన్నారట. అక్కడితో సరి.

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడాక కూడా మన పిల్లలు ఆగిపోయేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఎండీ అని పొట్టిగా, ఆధార్‌లో మహమ్మద్ అని పూర్తిగా, బ్యాంకులో ఇంకో స్పెల్లింగు. తండ్రి పేరుకు ముందు ఒకచోట షేక్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మనకు అంతా ఒకటే, కాగితాలు చూసేవాడికి ముగ్గురు మనుషులు. పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకోండి, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు దాని ప్రకారం మార్పించుకోండి. మెమోలోనే తప్పుంటే చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి. దానికి నెలలు పట్టొచ్చు. ఉద్యోగం వచ్చాక పరుగెత్తితే అందదు.

భాషల సంగతి. బయోడేటాలో ఇంగ్లిష్ ఒక్కటే రాస్తారు, వచ్చీరాకపోయినా. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, బజారులో తెలుగు, హిందీ వస్తుంది, గద్వాల పిల్లలకు రాయచూరు చుట్టరికాల వల్ల కన్నడం కూడా తెలుసు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆస్పత్రి కౌంటర్ దగ్గర భయపడుతూ నిలబడ్డ ముసలమ్మతో ఆమె భాషలోనే మాట్లాడగలగడం చిన్న అర్హత కాదు. ఉర్దూ మీడియం అని దాచుకోకండి. ఇంగ్లిష్‌లో ప్రశ్న అర్థమై జవాబు తట్టకపోతే, "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగండి. నోరు మెదపకుండా కూర్చోవడం కంటే అది నయం.

జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కంపెనీలకు వెళ్లేవాళ్లను రాత్రి షిఫ్టుకు వస్తావా అని అడుగుతారు. ఇంట్లో కనుక్కోకుండా వస్తానని చెప్పి, చేరిన వారానికే మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల తర్వాత ఆ ఊరి నుంచి వెళ్లిన పిల్లలను అనుమానంగా చూశారు. రాలేనంటే ముందే చెప్పండి, ఏ షిఫ్టుకు రాగలరో కూడా చెప్పండి.

తండ్రులకు ఒక మనవి. అమ్మాయిని తోడుండి తీసుకెళ్లండి, తప్పకుండా. లోపలికి మాత్రం ఆమెనే వెళ్లనివ్వండి. "నీ పేరేంటమ్మా?" అని అడిగితే నాన్న జవాబు చెప్పిన ఇంటర్వ్యూలున్నాయి. ఆ పది నిమిషాలు బయట చాయ్ తాగండి.

నన్ను చూసి భయం లేని మనిషి అనుకుంటున్నారేమో. బీఎడ్ అయిన కొత్తలో ఒక ప్రైవేటు బడికి సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకొని వెళ్లాను. వాళ్లు ఫైలు తెరవనే లేదు. చాక్‌పీసు ఇచ్చి ఏడో తరగతికి భిన్నాలు చెప్పమన్నారు. ఇరవై నిమిషాలు బోర్డు వైపే తిరిగి చెప్పాను. ఒక్క పిల్ల ముఖం కూడా చూడలేదు. ఉద్యోగం రాలేదు. ఆ సాయంత్రం నుంచి మా చెల్లెళ్లను చాప మీద కూర్చోబెట్టి వాళ్ల ముఖాలు చూస్తూ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. రెండో బడిలో తీసుకున్నారు.

అందుకే వేదిక మీద రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించాను. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోదాంట్లోకి ముందు ఎవరు వస్తారు? వెనక వరుసలో ఆ పచ్చ దుపట్టా అమ్మాయి, నువ్వే రామ్మా. నాన్నగారూ, మీరు కూర్చోండి, ఆమె వస్తుంది.