పొలము పటము – దాని కాపుదల

అనంతపురము సీమలో భూమి విలువ ఎకరముల లెక్కతో ముగియదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో బోరుబావి గట్టున కీవల నున్నదా, ఆవల నున్నదా అనునదే ఒక సంసారము బ్రతుకును నిర్ణయించును. ఆ గట్టు ఎచ్చట నున్నదో చెప్పునది పటము. పటములోని గీతను ఎవరును రహస్యముగా జరుపకుండ కాపాడుకొనుట యెట్లు? ఈ విషయమును గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

ఈ సీమలు 1800లో నిజాము నుండి కుంపిణీవారి వశమైనవి. అప్పుడు దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దొర 1807 వరకు ఇచ్చట నుండెను. ఆయన కాలమున పొలములను 33 అడుగుల గొలుసుతో కొలిచిరి. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము ఒక గుంట; అట్టి 40 గుంటలు ఒక ఎకరము. తరువాతి సర్వేలలో ప్రతి సర్వే నెంబరునకును వేర్వేరుగా పటము గీసి, గట్టుల పొడవులను అంకెలతో వేసి, కొలతల పుస్తకముగా కూర్చిరి. దానినే కచేరీలలో ఎఫ్.ఎం.బి. యందురు.

ఆ పుస్తకములో రెండు రక్షణలు కలవు. మొదటిది కాగితమే. అంకెను గీకినచో కాగితము పలుచబడును, సిరా అలుకుకొనును. రెండవది లెక్క. ఒక పొలము 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గలిగి, మూలలు సరిగా నున్నదనుకొందము. మూల నుండి మూలకు కొలత 50 మీటర్లు. విస్తీర్ణము ఇంచుమించు 30 సెంట్లు. ఎవడైన 40ని 42గా దిద్దినచో, మూల కొలత 51 మీటర్లకు మించవలెను. పుస్తకములో 50 అనియే యున్నది గనుక మోసము పట్టుబడును. ఒక అంకెకు మరియొక అంకె సాక్షి యన్నమాట.

ఇప్పుడు పటములు కంప్యూటరులోనికి వచ్చినవి. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో భూముల రీసర్వే ఆరంభమయ్యెను. డ్రోనులతోను, ఉపగ్రహముల సంకేతములతోను కొలిచి, ఆ కొలతలతో కంప్యూటరులో పటములు తయారుచేసిరి. ఇందు మేలు లేకపోలేదు. కొలత సూక్ష్మముగా నుండును, నకలు క్షణములో వచ్చును, చెదపురుగు భయము లేదు. కాని కంప్యూటరులో ఒక గీతను రెండు మీటర్లు జరిపి భద్రపరచినచో, చూచువారికి గాటు కనబడదు, మరక కనబడదు. క్రొత్త గీత పాత గీతవలెనే నిర్మలముగా నుండును. అంతేకాదు, గీతతోపాటు పొడవును, విస్తీర్ణమును యంత్రమే తిరిగి లెక్కకట్టి వ్రాయగలదు. సాక్షులందరును ఒక్కమారుగా మాట మార్చినట్లగును.

దీనికి విరుగుడుగా కొన్ని తాళములు కలవు. పటమును పొరలు పొరలుగా గీసి, గట్టుల పొరకు తాళము వేయవచ్చును. కాని పటమును తెరచినవాడే ఆ తాళమును తీయగలడు. చదువుటకే గాని దిద్దుటకు వీలులేని పత్రముగా ఇయ్యవచ్చును. కాని దానికి నకలు తీసి, నకలును దిద్దవచ్చును. ఆటోక్యాడ్ అను ప్రసిద్ధమైన గీతసాధనములో పూర్వము పటమునకు రహస్యపదము పెట్టు వీలుండెను. 2016 నాటి కూర్పు నుండి దానిని తొలగించిరి. ఇట్టి తాళములు పొరపాటున చేయి తగులకుండ కాపాడును. బుద్ధిపూర్వకముగా వచ్చినవానిని అంతగా ఆపలేవు.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగుదురు. 2022 వరకు ఈ జిల్లాలోనే యుండిన లేపాక్షి ఆలయమున అచ్యుతదేవరాయల కాలపు దానశాసనములు రాతిపై చెక్కియున్నవి. రాతి అక్షరమును చెరిపినచో చెరిపిన గుర్తు నిలుచును. తామ్రశాసనముల విషయమున మరియొక ఉపాయము చేసిరి. రేకులకు రంధ్రము చేసి, కడియము దూర్చి, దాని కొనలను రాజముద్రతో బిగించిరి. రేకును మార్చవలెనన్న కడియమును తెంపవలెను. తెంపినచో ముద్ర సంగతి బయటపెట్టును. దొంగ చేయిని కట్టివేయుట వారి తలంపు కాదు. దొంగతనము దాగకుండ చేయుటయే వారి తలంపు.

కంప్యూటరులోని డిజిటల్ సంతకము సరిగా ఈ పనినే చేయును. పటములోని సమస్తమును కలిపి యంత్రము ఒక చిన్న సంఖ్యగా కుదించును. ఒక్క గీత కదలినను ఆ సంఖ్య మారిపోవును. ఆ సంఖ్యకు అధికారి తన రహస్యపు తాళపుచెవితో ముద్ర వేయును. ఆయన ప్రకటించిన బహిరంగపు చెవితో ఎవరైనను దానిని పరీక్షింపవచ్చును. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి సంతకమును అంగీకరించినది.

అయినను మూడు సంగతులు మరువరాదు. మొదటిది: ముద్ర ఎవరి చేతిలో నున్నదో వారిదే అధికారము. ముద్రారాక్షస నాటకమున రాక్షసమంత్రి ముద్రటుంగరము చాణక్యుని చేజిక్కగా, దానితో ముద్రించిన లేఖయే రాక్షసుని కొంప ముంచెను. అధికారి తన సంతకపు చెవిని గుమాస్తా బల్లపై వదలినచో అంతే యగును. రెండవది: కాగితముపై అచ్చుపడిన సంతకము బొమ్మ మాత్రమే. దానిని పరీక్షింపవలెనన్న అసలు పత్రమును కంప్యూటరులో తెరువవలెను. మూడవది: పటము సంతకమైన పిదప మారలేదని మాత్రమే ఆ ముద్ర చెప్పును. తప్పు కొలతపై ముద్ర పడినచో, తప్పే భద్రముగా నిలుచును.

కావున గ్రామ పెద్దలకు నా మనవి యిది. సర్వేవారు వచ్చిన దినమున రైతులు తమ గట్టుపై నిలువవలెను; ఇరుగుపొరుగు రైతులను కూడ నిలుపవలెను. పటము రాగానే పాత ఎఫ్.ఎం.బి. కొలతలతో సరిచూడవలెను. సంతకముగల పత్రమును ఒక్కచోటనే గాక, ఇంటిలో నొకటి, నమ్మకస్థుని యొద్ద నొకటి దాచవలెను. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కచేరీలో మంటలు లేచి దస్త్రములు కాలిన సంగతి మీరు వినియే యుందురు. పటము మారినదని తోచినచో, ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తరువుతో మార్చిరో వ్రాతమూలకముగా అడుగవలెను. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ప్రకారము, సర్వే ముగిసినదని ప్రకటించిన దినము నుండి మూడు సంవత్సరములలోగా సివిలు కోర్టులో వ్యాజ్యము వేయవచ్చును. ఆ గడువు జారనీయరాదు.

సర్వే రాయిని రాత్రివేళ పెకలించినవాని జాడ తెల్లవారి మంటిలో కనబడును. కంప్యూటరు పటములోని రాయికి మన్ను లేదు. ఆ జాడను మనమే కల్పించుకొనవలెను: ముద్రతోను, నకలుతోను, పదిమంది కన్నులతోను.